నా లెక్కల దుగ్గొండి పాటే మొదటిది

ప్రతి ఏడు డిసెంబర్ ఆఖర్ల ఖిలా వరంగల్ మధ్యకోటల చాయ్ తాగెటోళ్ల నడుమ ఒక పంచాయితి అయితది. భూమి పంచాయితి కాదు, ఓట్ల పంచాయితి అంతకన్న కాదు. ఈ ఏడు మంచి పాట ఏది? ఇదీ లొల్లి. ఒకాయన బడిపంతులు, ఒకడు డిగ్రీ సదివే పిలగాడు, ఒకాయన ఆటో నడుపుతడు, నేను కొలువు చేసి దిగిపోయినోన్ని. నలుగురికి నాలుగు లెక్కలు. చాయ్ సల్లారిపోతది గని లెక్క తెగదు.

మొన్న ఆ పిలగాడు కొత్త మెలిక పెట్టిండు. "ఈ ఏడు సంగతి ఇడిసిపెట్టు పెద్దనాయినా. తెలంగాణ వచ్చినంక అన్ని ఏండ్లల్ల పాటల ఏడు ఏది? ఒక్కటి చెప్పు" అన్నడు. నేను ఎనకాముందు చూడలే. 2023 అన్న. "ఆస్కార్ వచ్చిందనా?" అన్నడు. కాదన్న. "మరి ఆ ఏడుల మొదటి పాట ఏది?" అన్నడు. దుగ్గొండి పాట అన్న. ఆస్కార్ పాటను రెండో జాగల కూసోవెట్టిన అనంగనే పంతులు గిలాస కింద పెట్టి నా మొకం దిక్కు చూసిండు. ఆటో ఆయన నవ్విండు. ఆ నాడు సగంల ఆగిన మాట ఇక్కడ పూర్తి చేస్త.

ముందుగాల నా అర్హత చెప్పుకోవాలె. సంగీతం నేర్సుకున్నోన్ని కాదు. మా నాయినది మైకుసెట్టు. రెండు గొట్టం మైకులు, ఒక ఆంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, కొన్నేండ్లకు ఒక టేప్ రికార్డరు. తూర్పుకోట, పడమరకోటల లగ్గం ఉన్నా, బతుకమ్మ ఉన్నా, ఎవరన్న పెద్దమనిషి పోయినా ఆ పెట్టెలు సైకిల్ మీద కట్టుకొని పోయేది. నేను ఎనక కూసుండి వైరు చుట్ట పట్టుకునేది. ఏ పాట వేస్తే జనం లేస్తరో, ఏ పాట వేస్తే ఆడోళ్లు కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటరో ఆ పెట్టె పక్కన కూసుండే నేర్సుకున్న. క్యాసెట్ల కాలం పోయింది, సీడీలు పోయినయి, మైకుసెట్టు పోయి డీజే వచ్చింది. నా చెవులు మాత్రం ఆ పెట్టె కాడనే ఉన్నయి.

అందుకే నా లెక్కకు రెండే షరతులు. ఒకటి, ఆ పాట ఎవ్వరు చెప్పకుంట దానంతట అదే మా కోటలకు నడిచి రావాలె. టీవీల పదిసార్లు వేసి మన నెత్తిన రుద్దితే కాదు. రెండు, రెండు దసరాలు దాటినంక గూడ అది జనం నోట్ల ఉండాలె. ఏడాది ముగిసిన నాడే లెక్క కట్టినోళ్లు చానసార్లు తప్పు కడుతరు. 2023 లెక్క ఇప్పుడు కడితేనే సక్కగ వస్తది.

ఆ ఏడు ఓరుగల్లు పాటకు ఏం జరిగిందో ఒకసారి యాది చేసుకుందాం. జనవరిల 'నాటు నాటు'కు గోల్డెన్ గ్లోబ్. మార్చి 3న 'బలగం' సినిమా. మార్చి 13 పొద్దున మనం పండ్లు తోముకునే యాళ్లకు ఆస్కార్ ముచ్చట. మార్చి 30న 'దసరా'. ఆగస్టు 6న గద్దర్ పోయిండు. నవంబర్ 30న ఓట్లు, ఆ ఓట్ల ముంగట ఊరూర పార్టీల పాటలు. ఒక్క ఏడుల ఇంత పాట, ఇంత ఏడుపు, ఇంత లొల్లి మళ్ల చూడలే.

ముందుగాల రెండో జాగ పాట సంగతి. 'నాటు నాటు' రాసిన చంద్రబోస్‌ది చల్లగరిగ. అప్పుడు వరంగల్ జిల్లా చిట్యాల మండలం, ఇప్పుడు భూపాలపల్లి జిల్లా. 1995ల 'తాజ్‌మహల్' సినిమాతోని పాటలు రాసుడు మొదలు పెట్టినోడు. పాట 2021 నవంబర్ల బయటికి వచ్చింది, సినిమా 2022 మార్చిల. చిత్రీకరించిందేమో ఉక్రెయిన్ల, కీవ్ పట్నంల రాష్ట్రపతి భవనం ముందట. జొన్నరొట్టెల మిరపతొక్కు నంజుకునే ముచ్చట ఆ రాజభవనం ముందట పాడించిన్రంటే, ఆ ఒక్క సంగతికే నేను చప్పట్లు కొడుత. మన తిండిని, మన జాతరను, మన చెప్పుల కిర్రు సప్పుడును సిగ్గు లేకుంట పాటల పెట్టుడు చిన్న పని కాదు. ఒకప్పుడు మన మాటను సినిమాల రౌడీకి, తాగుబోతుకు, నవ్వులాట మనిషికి తప్ప ఇంకెవ్వరికి ఇయ్యలే. ఆ మాట లాస్ ఏంజిల్స్ మెట్లు ఎక్కింది. చంద్రబోస్ ఆ వేదిక మీద నమస్తే అన్నడు. ఆ పొద్దు మా కోటల ఎవరు ఎవరికి మిఠాయి పెట్టిన్రో తెల్వదు, నాకైతే ముగ్గురు పెట్టిన్రు.

మరి రెండో జాగ ఎందుకు? ఆ పాట వింటే కాళ్లు లేస్తయి. లేసిన కాళ్లు పాట అయిపోంగనే కింద పడుతయి. అది పందెం పాట, గెలుసుడే దాని పని. గెలిచింది, మంచిదే. ఇంకో సంగతి గూడ ఉన్నది. ఆ ఆస్కార్ బొమ్మ పాట రాసినోళ్లకు, బాణీ కట్టినోళ్లకు. కీరవాణికి, చంద్రబోస్‌కు వచ్చింది. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ వేదిక మీదనే పాడిన్రు గని బొమ్మ పాడినోళ్లది కాదు, అది వాళ్ల కాయిదా. రాహుల్‌కు 2025 బోనాల పండుగప్పుడు రాష్ట్ర సర్కారు కోటి రూపాయలు ప్రకటించింది. సంతోషమే. ఈ 'ప్రకటించుడు' అన్న మాట జర యాది పెట్టుకోండ్రి, మళ్ల దీని కాడికి వస్త.

'దసరా' సంగతి తొందరగ చెప్త. బొగ్గుబాయిల నడుమ కథ. సంతోష్ నారాయణన్ బాణీలు, 'చమ్కీల అంగీలేసి' పాట రాసింది మన కాసర్ల శ్యామ్, పాడింది రామ్ మిరియాల, ధీ. తాగే మొగనితోని పెండ్లాం పడే గోసను లగ్గం పాట తీరుగ ఆడుకుంట చెప్పుడు మామూలు ఉపాయం కాదు. ఆ ఏడు ఎండకాలం లగ్గాలల్ల ఆడోళ్లు ఆ పాటకు ఆడుకుంటనే పక్కనున్న మొగుండ్లను వేలు పెట్టి చూపిచ్చుడు నేను కండ్లార చూసిన. అది నా లెక్కల నాలుగో జాగ. అదే సినిమాల 'ధూంధాం దోస్తాన్' అని ఇంకో పాట ఉన్నది. ఊపున్న పాటనే. కని ధూంధాం అన్న మాట వింటే నాకు 2002ల కామారెడ్డిల మొదలైన ధూంధాం యాదికొస్తది. గజ్జె కట్టుకొని, డప్పు పట్టుకొని, రాత్రంత నిలవడి రాష్ట్రం కోసం పాడినోళ్ల మాట అది. ఇరువై ఏండ్లకు అదే మాట నలుగురు దోస్తులు కల్లు తాగే పాటకు పేరయ్యింది. తప్పు అనను, మాటలకు గూడ కాళ్లుంటయి, యాడికన్న పోతయి. కని ఆ మాటను పుట్టిచ్చినోళ్లల్ల ఎంతమంది ఇయ్యాల మందు గోలీలకు పైసలు ఎతుక్కుంటున్నరో గూడ ఎవరన్న అడగాలె గదా.

ఇగ ఓట్ల పాటలు. ఒక పార్టీది 'గులాబీల జెండలే రామక్క', ఇంకో పార్టీది 'మూడు రంగుల జెండా పట్టి'. ఏ పార్టీ గెలిచింది, ఏ పార్టీ ఓడింది అన్నది నాకు ఇక్కడ పని లేదు. కండ్ల ముందట కనవడ్డ సంగతి ఒక్కటే. కోట్ల రూపాయల ప్రచారం ఒక దిక్కు, మన పల్లె బాణీ ఒక దిక్కు పెడితే బాణీనే బరువు తూగింది. ఇద్దరికి అదే కావలసి వచ్చింది. మా కోటల పోరగాండ్లు పొద్దున ఒక పార్టీ పాటకు, మాపటికి ఇంకో పార్టీ పాటకు ఆడిన్రు. పాటకు ఓటు లేదు మరి. ఈ రెండింటిని నేను లెక్కల వెయ్యలే. ఎలచ్చన్ల పాట ఓట్లు పడ్డంక గోడ మీద పోస్టర్ తీరుగ రంగు మారుతది.

గద్దర్ పోయిన ఆగస్టు వారం మాత్రం లెక్కల పెట్టకుంట ఉండలేను. కొత్త పాట ఏం రాలే. పాత పాటలే మళ్ల మోగినయి. కని ఆ వారం మా కోటల ఏ ఇంట్ల చూసినా ఫోన్లల్ల అదే గొంతు. 'పొడుస్తున్న పొద్దు మీద' పాట 2011ల 'జై బోలో తెలంగాణ' సినిమాల వచ్చినప్పుడు మా అసొంటి ఉద్యోగులు సకల జనుల సమ్మె దిక్కు నడుస్తున్న రోజులు. ఆ సినిమాకు సంగీతం చేసిన చక్రి గూడ మన జిల్లా బిడ్డనే, కంబాలపల్లి. ఆయన 2014 డిసెంబర్ల, రాష్ట్రం వచ్చిన ఏడే పోయిండు. గద్దర్ తోని ఇంకో ముచ్చట. 'మా భూమి' సినిమాల నల్ల గొంగడి కప్పుకొని ఆయన పాడిన 'బండెనక బండి గట్టి' పాటను మనోళ్లు సగం మంది గద్దర్ పాట అనుకుంటరు. అది కట్టింది సాయుధ పోరాటంల ప్రాణమిచ్చిన బండి యాదగిరి. గద్దర్ గొంతు లేకుంటె ఆ పాట మన దాకా రాకపోవు. యాదగిరి లేకుంటె గద్దర్‌కు ఆ పాటనే లేకపోవు. ఇద్దరి పేర్లు చెప్పాలె. మనం ఒక్క పేరే చెప్తం. ఇది మనకున్న పాత రోగం.

ఆ రోగం గురించే ఈ యాసమంత. అందుకే ఇప్పుడు మొదటి పాట కాడికి వస్త.

'బలగం' సినిమా మొత్తంగ నా లెక్కల ఆ ఏడు మొదటి ఆల్బం. సినిమా తీసిన వేణు యెల్దండి కరీంనగర్ దిక్కు జీవితాన్ని తీసిండు. సావు ఇల్లు, పదకొండు దినాలు, పిట్టకు పెట్టుడు, పిట్ట ముట్టకపోవుడు, అన్నదమ్ముల పంతాలు. దీంట్ల సినిమా ఏమున్నదని ఎవరన్న అనుకుందురు. భీమ్స్ సిసిరోలియో బాణీలు, కాసర్ల శ్యామ్ పాటలు. 'ఊరు పల్లెటూరు' పాట మంగ్లి, రామ్ మిరియాల పాడిన్రు. ఆ పాటకు 2025 ఆగస్టుల ఉత్తమ గీత రచనకు జాతీయ అవార్డు ప్రకటించిన్రు. కాసర్ల శ్యామ్ మన హన్మకొండ, వరంగల్ గల్లీలల్ల తిరిగినోడు. 2009ల 'మహాత్మ'ల 'నీలపురి గాజుల' పాట రాసిన్నాటి సంది ఆయన పాటలల్ల మన ఇంటి వాసన పోలే. అందుకే ఆ పాట నాకు మూడో జాగ.

మొదటి జాగ మాత్రం ఆ సినిమా ఆఖర్ల వచ్చే పాటకు. పదకొండోనాడు సచ్చిపోయిన పెద్దమనిషి ముచ్చట చెప్పుకుంట మొగడు పెండ్లాలు ఇద్దరు పాడే పాట. పాడింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ. మన వరంగల్ జిల్లా దుగ్గొండి మండలపోళ్లు. బుడిగ జంగాలు. ఊరూర బుర్రకథలు చెప్పుకుంట, సావు ఇంటి కాడ పోయినోళ్ల గుణగణాలు పాడుకుంట బతికిన మనుషులు.

సినిమా పాటల ఏడుపు ఎట్లుంటదో మనకు ఎరుకే. వయొలిన్లు మోగుతయి, గొంతు వణుకుతది, మనకు ఇషారా వస్తది, ఇప్పుడు ఏడ్వాలె అని. దుగ్గొండి పాటల ఆ ఇషారా లేదు. మొగిలయ్య గొంతు ఏడ్వదు. పని చేసుకునే మనిషి గొంతు అది. ఒక్కొక్క మాట తూకం వేసి పెడుతడు. కొమురమ్మ దానికి వంత అందుకుంటది, ఆయన మాట కింద పడకుంట పట్టుకుంటది. సావు ఇంటి కాడ పాడెటోడు తనే ఏడిస్తె కథ ఎవరు చెప్తరు? తాను ఏడ్వకుంట ఇంటోళ్లను ఏడిపిచ్చి, ఆ ఏడుపుల పంతాలు కరిగిచ్చుడు వాళ్ల పని. తరాల సంది నేర్సిన పని. ఆ పనితనం ఏ సంగీత కళాశాలల చెప్పరు. మా నాయిన మైకుసెట్టు తీసుకొని సావు ఇండ్లకు పోయినప్పుడు ఇసొంటి జంటలను నేను మస్తు మందిని విన్న. పాట అయిపోయినంక వాళ్లకు ఒక తువ్వాల, కొన్ని బియ్యం, నాలుగు రూపాయలు. పేరు అడిగినోడు లేడు. నేను గూడ అడగలే. ఇప్పుడు యాది చేసుకుంటె ఒక్క మొకం యాదికొస్తది గని ఒక్క పేరు యాదికి రాదు. ఇది నా తప్పు, రాసి ఒప్పుకుంటున్న.

ఆ సినిమాను ఊర్లల్ల తెర కట్టి జనం గుంపులుగ కూసుండి చూసిన్రు. పలుకు బందైన అన్నదమ్ములు కలిసిన్రని పత్రికలల్ల సదివినం. నాకు తెలిసి ఆ ఏడు వచ్చిన ఏ పాట గూడ ఇసొంటి పని చెయ్యలే. అవార్డు తెచ్చుడు ఒక పని, మాట్లాడని అన్నతోని తమ్మున్ని మాట్లాడిపిచ్చుడు ఇంకో పని. నా తక్కెడల రెండోదే బరువు.

అప్పటికే మొగిలయ్య కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నడు. పేరు వచ్చినంక సినిమావాళ్లు, సర్కారు సాయం చేసిన్రు. చెయ్యలేదని నేను అనను. 2024 డిసెంబర్ల ఆయన పోయిండు. ఊరూర తిరిగి పోయినోళ్ల కోసం పాడినోడు. ఆయన పోయిన నాడు టీవీల రెండు నిమిషాలు అదే పాట వేసిన్రు.

ఇప్పుడు 'ప్రకటించుడు' కాడికి వస్త. మన దగ్గర కళాకారునికి ఏం ఇచ్చినా ఇనాం కిందనే ఇస్తరు. రాజుల నాడు ఇనాం భూమి, దొరల నాడు ఇనాం బియ్యం, ఇప్పుడు ఇనాం చెక్కు. ఇచ్చినోని దయ, తీసుకున్నోని అదృష్టం. కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది, 'భీమ్లా నాయక్' సినిమాల పాడిండు, రాష్ట్ర సర్కారు కోటి రూపాయలు ప్రకటించింది. 2024 మే నెలల అదే మనిషి హైదరాబాద్ పక్కపొంటి తుర్కయాంజాల్ల ఇల్లు కట్టే కాడ కూలి పని చేసుకుంట కనవడ్డడని పత్రికలు రాసినయి. తప్పు ఎవరిదన్న లొల్లిల నేను పోను. ఇనాం ఎంత పెద్దదైనా ఒక్కసారి వస్తది, లగ్గాలకు, దవాఖానకు, అప్పులకు ఒక్కసారే పోతది. వాటా అట్ల కాదు. పాట మోగినన్ని నాళ్లు వస్తది. మనం రాష్ట్రం అడిగిన నాడు ఇనాం అడిగినమా? నీళ్లల్ల వాటా, నిధులల్ల వాటా, నియామకాలల్ల వాటా అడిగినం. టీఎంసీల లెక్కలు నోటికి నేర్సుకున్నం. పాటల వాటా లెక్క మాత్రం మనలో ఒక్కడు నేర్సుకోలే. ఆ లెక్కలన్ని పాటలల్లనే పాడుకున్నం గదా, పాడినోని లెక్క ఎట్ల మరిచిపోయినమో.

చట్టం లేదా అంటే ఉన్నది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012ల సవరించిన్రు. కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభల కొట్లాడిన సవరణ అది. పాట రాసినోడు, బాణీ కట్టినోడు సినిమావాళ్లకు హక్కులు రాసిచ్చినా సరే, థియేటర్ బయట ఆ పాట యాడ మోగినా వచ్చే రాయల్టీల సగం వాళ్లదే. రాసియ్యమన్నా రాసియ్యరాదు, చట్టం ఒప్పుకోదు. పాడినోళ్లకు గూడ తమ గొంతును వ్యాపారానికి వాడుకుంటె రాయల్టీ అడిగే హక్కు ఆ సవరణతోనే వచ్చింది. కాయితం మీద అంత బాగనే ఉన్నది. కని ఆ రాయల్టీ వసూలు చేసే సంఘాలు ముంబైల. దరఖాస్తులు ఇంగ్లీషుల. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, పాట వివరాలు, రికార్డింగ్ నంబర్లు. దుగ్గొండిల బుర్రకథ చెప్పెటాయన ఇవన్ని యాడ తెస్తడు? రికార్డింగ్ కాడ ఏం కాయితం మీద ఏలిముద్ర పెట్టిన్నో గూడ చానమందికి ఎరుక ఉండదు.

అంతకన్న పెద్ద తిరకాసు ఇంకోటి. నోటి మీద నడిచే పాటకు చట్టం కాడ ఓనరే లేడు. రాసినోడు ఎవరో తెల్వదు కాబట్టి అది అందరిది. అందరిది అంటే ముందుగాల స్టూడియోకు కొంటవోయినోనిది. 2021ల 'సారంగ దరియా' లొల్లి మరిచిపోయిన్రా? 'లవ్ స్టోరీ' సినిమాల సుద్దాల అశోక్‌తేజ పేరు మీద పాట వచ్చింది. ఆ జానపదాన్ని టీవీ పోటీల పాడి వెలుగులకు తెచ్చిన గాయని కోమలి, నా సంగతేందని అడిగింది. అశోక్‌తేజ పెద్ద కవి, 'ఠాగూర్' పాటకు జాతీయ అవార్డు తెచ్చినోడు. పల్లవి తీసుకొని చరణాలు తాను రాసిన అని ఆయన చెప్పుకున్నడు. ఆయన మాట ఆయనకుంటది. కని ఆ పల్లవిని తన అమ్మమ్మల నోటి నుంచి పట్టుకొని ఇయ్యాల్టి దాకా బతికిచ్చినోళ్లకు మన లెక్కల ఒక గడి లేదు. రచన అని ఉంటది, సంగీతం అని ఉంటది, గానం అని ఉంటది. 'దాసిపెట్టినోళ్లు' అని ఉండదు.

యూట్యూబ్ జానపదాలు గూడ ఇదే తొవ్వ పట్టినయి. వారానికి ఎన్నో కొత్త పాటలు వస్తున్నయి. మంచివే వస్తున్నయి, లంగఓణీల ఆడే పిల్లలు మంచిగనే ఆడుతున్నరు. బొమ్మ మీద ఆడినోళ్ల మొకాలు ఉంటయి. పాడినోళ్ల పేరు కిందికి జరుపుకుంట జరుపుకుంట పోతే యాడనో చిన్న అక్షరాలల్ల ఉంటది. బాణీ యే ఊరిదో, ఎవరి దగ్గర విన్నరో అసలే ఉండదు.

ఇది ఇయ్యాల్టి రోగం కాదని చెప్పిన గదా. మా ఓరుగల్లు కోట వీధులల్ల తిరిగిన ఇద్దరు మనుషుల కథ 'క్రీడాభిరామం'. వినుకొండ వల్లభరాయని పేరున ఉన్నది. మంచనశర్మ, టిట్టిభసెట్టి కలిసి ఇదే నగరంల గల్లీ గల్లీ తిరుగుతరు. ఒక కాడ పల్నాటి వీరుల కథను ద్విపదల పాడే ఒకామెను చూస్తరు. ఆమె వాయిద్యం సప్పుడు ఎట్లున్నదో, తాళం ఎంత ఉరుకుడు మీద ఉన్నదో, విన్న పిలగాండ్లు ఎట్ల ఊగిపోయిన్రో కవి మస్తు ఇష్టంగ రాసిండు. పేరు మాత్రం రాయలే. ఎవరో ఒకతె. కాకతీయుల నాటి ముచ్చట అది. జాయప సేనాని నాట్యం మీద 'నృత్తరత్నావళి' అనే శాస్త్రమే రాసిన నేల ఇది, పాల్కురికి సోమన తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు అని జనం పాటల పేర్లు పట్టీ వేసిన నేల. పాటల పేర్లున్నయి. రాజుల పేర్లున్నయి. మా కీర్తి తోరణాల కాడ మాపటికి లైట్లు వేసి కాకతీయుల కథ చెప్పే షోల గూడ రాజుల పేర్లే వినవడుతయి. పాడిన ఆడమనిషి పేరు వల్లభరాయడు అడిగి రాసి ఉంటె ఇయ్యాల ఆమె విగ్రహం మా మధ్యకోటల ఉండేదేమో.

ఉద్యమంల పాడినోళ్లల్ల 550 మందికి దగ్గర సాంస్కృతిక సారథిల కొలువులు వచ్చినయి. నేను దాన్ని మంచి పనే అంట. పాటకు జీతం అన్న ముచ్చట ఈ దేశంల యాడ ఉన్నది? కని కథ చెప్పెటోళ్లు, జంగాలు, ఒగ్గోళ్లు, డక్కలోళ్లు ఊరి మీద ఆధారపడే బతుకుతున్నరు. ఊరేమో డీజేకు పైసలు కట్టుకుంట వాళ్లకు చెయ్యి ఇడిసింది.

నేను అడిగేది పెద్దది కాదు. భూమికి పహాణీ ఉన్నది. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నరు అని కాయితం ఉన్నది. పాటకు గూడ ఒక పహాణీ కావాలె. ఏ ఊర్ల ఏ పాట ఉన్నది, ఎవరు పాడుతరు, ఎవరి దగ్గర నేర్సుకున్నరు, ఏ దినం రికార్డు చేసినం. గంతే. తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన వరంగల్లనే ఉన్నది. జానపద గేయాల మీద పరిశోధనకు తొవ్వ ఏసిన బిరుదురాజు రామరాజు మన దేవునూరు బిడ్డ. ఆయన కాలంల ఫోన్ లేదు, ఊరూర తిరిగి రాసుకున్నడు. ఇప్పుడు కాకతీయ యూనివర్సిటీ పిలగాండ్ల జేబులల్ల ఫోన్లున్నయి. ఒక్కొక్కరు సెలవులకు ఇంటికి పోయినప్పుడు తన ఊరి పాడెటోళ్ల పేర్లు పట్టుకొస్తే ఒక్క ఏడుల జిల్లా పహాణీ తయారయితది. ఆ కాయితం చేతుల ఉంటె రేపు ఎవడన్న బాణీ ఎత్తుకపోయినప్పుడు నాలుగు మాటలు అడిగే దమ్ము వస్తది. సినిమావాళ్లకు గూడ సుఖమే, ఎవరికి ఇయ్యాల్నో తెలుస్తది, కోర్టుల పొంటి తిరిగే బాధ తప్పుతది. ఉద్యోగ సంఘాలోళ్లు, మీటింగ్ల కళాకారులను పిలిచి పాడిపిచ్చుకున్నోళ్లు, దరఖాస్తులు నింపే పని ముందట వేసుకోవాలె. మనం కొలువులల్ల జేసిన పనే గదా అది, ఫారాలు నింపుడు మనకంటె మంచిగ ఎవరికొస్తది?

చాయ్ కాడ ఇదంత చెప్తే పంతులు ఒక్క ప్రశ్న వేసిండు. "మరి అందెశ్రీ లెక్క యాడ పెడుతవు?" అన్నడు. మంచిగ అడిగిండు. రేబర్తిల పుట్టి, బడి మొకం చూడకుంట, పశులు కాసి, సుతారి పని చేసిన మనిషి పాట 2024ల రాష్ట్ర గీతం అయింది. కాకతీయ యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2025 నవంబర్ 10న పోయిండు. ఆయన పేరు మాత్రం పోదు, రాష్ట్రం ఉన్నన్ని నాళ్లు ఉంటది. ఎందుకంటె ఆయన పాట కింద ఆయన పేరు ఉన్నది. దుగ్గొండి పాటకు అడిగేది గూడ గదే. ఆయన పాట లెక్క 2024 పంచాయితిల తీస్త, ఆ బాణీ మీద నాకు వేరే లొల్లి ఉన్నది.

ఆఖరికి నా 2023 లెక్క ఇది. ఆల్బంలల్ల 'బలగం'. పాటలల్ల మొదటిది మొగిలయ్య, కొమురమ్మ పాడిన దుగ్గొండి పాట. రెండోది 'నాటు నాటు'. మూడోది 'ఊరు పల్లెటూరు'. నాలుగోది చమ్కీల అంగీ పాట. ఐదో జాగ ఆగస్టుల మోగిన గద్దర్ గొంతుకు, పాట ఏదైనా సరే. డిగ్రీ పిలగాడు ఇంక ఒప్పుకోలే, ఆస్కార్ ముందుండాలని వాని పట్టు వానిది. మీ లెక్క గూడ వేరే ఉంటె రాసి పంపుండ్రి. కని పాట పేరు ఒక్కటే రాస్తె చెల్లదు. పాడినోళ్ల పేరు, వాళ్ల ఊరు గూడ రాయాలె.